సారు ముఖం కత్తిరించినవాడు

మా సారు పోయారన్న కబురు నాకు ఫ్లెక్సీ చూస్తే తెలిసింది. ఆర్మూర్ చౌరస్తాలో బస్సు దిగేసరికి నిలువెత్తు ఫొటోలో నవ్వుతూ ఉన్నారు, మెడలో దండతో. పక్కనే చేతులు జోడించి కంప్యూటర్ సెంటర్ డైరెక్టర్. 'మా సంస్థకు దారి చూపిన గురువు' అని కింద పెద్ద అక్షరాలు. ఇలాంటప్పుడు ఎవరికైనా ముందు ఏడుపొస్తుంది. నాకు ఒళ్లు మండింది. ఎందుకు మండిందో చెప్పకుండా సారు గురించి నాలుగు ముక్కలు రాయడం నా వల్ల కాదు.

సారు ఆ సెంటర్లో మాకు జావాస్క్రిప్ట్ నేర్పారు. వెబ్‌సైటులో బటన్ నొక్కితే ఏదైనా జరగాలంటే ఆ భాష రావాలి. "పేజీ అంటె గోడకంటిచ్చిన కాయితం కాదు బిడ్డా. ముట్టుకుంటె ఉలకాలె, పలకాలె" అనేవారు. సీజన్లో మార్కెట్ యార్డు నుంచి పసుపు దుమ్ము లేచి కిటికీలోంచి కీబోర్డుల మీద పడేది. క్లాసుకు ముందు సారు తన రుమాలుతో అన్నీ తుడిచేవారు. మేం తుడుస్తామంటే రుమాలు ఇచ్చేవారు కాదు.

కోడ్‌లో తప్పుంటే తెర మీద ఒక హెచ్చరిక వస్తుంది. అది చూస్తే మాకు చెమటలు పట్టేవి. "ఎందుకు భయం? ఏ లైన్ల తప్పుందో చెప్పి మరీ తిడ్తది. మీ ఇంట్ల గట్ల తిట్టేటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని నవ్వేవారు.

మాది మాక్లూర్ దగ్గర పసుపు పండించే ఇల్లు. నేను సొంతంగా రాసిన మొదటి పేజీలో రెండు గడులు. ఒక్కోదాంట్లో ఒక్కో బస్తా బరువు వేస్తే మొత్తం ఎంతో చెప్పాలి. అరవై, యాభై ఎనిమిది వేశాను. ఆరువేల యాభై ఎనిమిది కిలోలంది! గడిలో మనం కొట్టింది అంకెలా కనపడినా కంప్యూటర్‌కు ఉత్త అక్షరాలే. కూడమంటే రెండింటినీ పక్కపక్కన అతికిస్తుంది. సారు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "యార్డుల మాలంత మీ నాయినదే అయిపాయె! పో, జల్ది పోయి చెప్పు." తర్వాత పక్కన కూర్చుని, ముందు అంకెలుగా మార్చి ఆపైన కూడటం చూపించారు. ఇవాళ ఊళ్లో దుకాణాలకు వెబ్‌సైట్లు చేసి బతుకుతున్నానంటే సారు చలవే.

ఇక అసలు సంగతి. సారుకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. అప్పటికే డైరెక్టర్ ఆయన పాఠాలన్నీ వీడియో తీయించి పెట్టుకున్నాడు. "ఇగ మీరెందుకు సార్ కష్టపడుడు, ఇంటికాడ రెస్ట్ తీస్కోండి" అని తీయగా చెప్పి బయటికి పంపేశాడు. ఆ వీడియోలతోనే క్లాసులు నడిపాడు. తెర మూలలో సారు ముఖం ఉండే చోటు కత్తిరించి సెంటర్ లోగో అతికించాడు. గొంతు సారుదే, ముఖమే లేదు. కొట్లాడదామని సారును బతిమాలాను. "పోనియ్యి బిడ్డా. పోరగాండ్లకు చదువైతె అందుతుంది గద" అన్నారు. అది ఆయన మనసు. నాది అంత పెద్దది కాదు. బతికుండగా ముఖం కోసేసినవాడు, పోయాక అదే ముఖాన్ని చౌరస్తాలో కడతాడా?

ఆయన జ్ఞాపకాలు రాసుకోవడానికి శిష్యులందరికీ ఒక పేజీ చేశాను. పేరు రాయాలి, ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి: 'సారును చివరిసారి ఎక్కడ చూశారు?' ఆ ప్రశ్న ఎవరి కోసం పెట్టానో దాచను. జవాబు లేకుండా బటన్ పనిచేయదు. ఉత్త స్పేసులు కొడితే ఒప్పుకోవద్దని కూడా రాశాను. మోర్తాడ్ నుంచి ఒకామె రాసింది: 'దవాఖానల. మంచం మీద పండుకొనే నా కోడ్ సూపియ్యమన్నరు.' ఇంకొకతను: 'చాయ్ బండి కాడ. తన చాయ్ల సగం నాకు పోసిండ్రు.'

దినాల రోజు సారు ఇంటి ముందు షామియానా కింద టీవీలో ఆ పేజీ పెట్టాం. డైరెక్టర్ ఫొటోగ్రాఫర్‌ని వెంటేసుకుని దిగాడు. "నా మెసేజ్ అందరికన్న మీద రావాలె" అన్నాడు. "రాయండి సార్" అని కీబోర్డు చేతికిచ్చాను. నా కడుపు అప్పుడే సగం చల్లబడింది.

పేరు కొట్టాడు. పేరుకు ముందు 'డైరెక్టర్' అని చేర్చాడు. నొక్కాడు. 'జవాబు రాయండి' అంది టీవీ. స్పేస్ కొట్టి మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే మాట. జనం టీవీ వైపు తిరిగారు.

"ఇది పనిచేస్తలేదమ్మా."

"మంచిగనే పనిచేస్తుంది సార్. సారును ఆఖరుకు ఏడ జూసిండ్రో గది రాయుండ్రి."

అతను దవాఖానకు రాలేదు. అంత్యక్రియలకూ రాలేదు. అక్కడున్న అందరికీ తెలుసు. అబద్ధం రాస్తే అందరి ముందూ టీవీలో పడుతుంది. నిజం రాస్తే, సారును వెళ్లగొట్టిన రోజు గురించి రాయాలి. కీబోర్డు నా చేతికి తిరిగిచ్చేశాడు. ఫోన్ మోగినట్టు చెవికి పెట్టుకుని కారు దగ్గరికి నడిచాడు.

నేను పేజీ మూసేయబోయాను. సారు భార్య నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆర్పకు బిడ్డా. జర సేపు గట్లనే ఉండనియ్యి."

టీవీలో డైరెక్టర్ పేరు, దాని కింద ఖాళీ గడి. అందులో కర్సర్ ఆరుతూ వెలుగుతూ ఉంది. ఆమె కుర్చీని టీవీకి ఎదురుగా జరుపుకుని, కొంగు సర్దుకుని, దాన్నే చూస్తూ కూర్చున్నారు.