జుబాలో ఊరికే పరిగెత్తిన మనిషి

జెరోతిచ్ చేతికి ఖాళీ సమయం ఇవ్వకూడదు. ఇస్తే ఏదో ఒకటి ఊడదీస్తుంది. జుబాకి వచ్చిన మొదటి ఆదివారమే మా కాంపౌండులో నీళ్ల మోటారు విప్పి, కడిగి, మళ్లీ బిగించింది. ఆ తర్వాతి ఆదివారం వంటగదిలో ఫ్రిజ్ వంతు వచ్చింది. ఇంకో వారం నా పికప్ బండి చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతుంటే, తాళాలు జేబులో వేసుకుని వెళ్లి పడుకున్నాను.

ఆమె జనరేటర్ మెకానిక్. సెల్‌ఫోన్ టవర్ల కింద పగలూ రాత్రీ మోగే జనరేటర్లు ఆగకుండా చూడడం ఆమె పని. ఆమెని టవరు నుంచి టవరుకి తిప్పడం నా పని. ఇద్దరం కెన్యా వాళ్లమే. నా పేరు ఒగోలా, కిసుములో సరస్సు ఒడ్డువాణ్ణి. ఆమెది ఇటెన్, కొండ మీది చలి ఊరు. అక్కడ పిల్లలు నడక కంటే ముందు పరుగు నేర్చుకుంటారని మా వైపు ఎగతాళి చేస్తాం. జెరోతిచ్ దానికి కోప్పడేది కాదు.

"మా పిన్ని పరిగెడుతుంది, మా పాస్టరు పరిగెడతాడు, మా బడి పంతులు పరిగెడతాడు. నాకంటే వేగంగా పోయేవాళ్లు మా వీధిలోనే బోలెడుమంది. అందుకే స్పానర్ పట్టుకున్నా" అనేది.

పతకాలు రాలేదని బాధ లేదు ఆమెకి. ముప్పై అయిదేళ్లు దాటినా, పెళ్లయి విడిపోయినా, కూతుర్ని ఎల్డొరెట్‌లో హాస్టల్లో పెట్టి పరాయి దేశం వచ్చినా, రోజులో ఒక్క అరగంట పరిగెత్తితే చాలు, మనిషి కుదుటపడేది. పరిగెత్తని రోజు ఆమెతో పనిచేయడం నరకం. నట్టు బిగించినా నన్నే తిట్టేది, నట్టు జారినా నన్నే తిట్టేది.

మా మేనేజరు ముస్యిమి సార్ ప్రతి శుక్రవారం అందర్నీ నిలబెట్టి ఒకే పాఠం చెప్పేవాడు. "టవర్ మీద ఎవడూ చావలేదు. చచ్చినవాళ్లంతా సెలవురోజున చచ్చారు. ఖాళీగా ఉన్నప్పుడే జాగ్రత్త." సాయంత్రం ఆరుకి గేటు మూత. వంతెన దగ్గర ఫొటోలు తీయకూడదు. బండి లేకుండా గేటు ముందున్న టీ కొట్టు దాటకూడదు. అందుకని మగాళ్లు పేకాట ఆడి, బీరు తాగి, ఫుట్‌బాల్ చూసి, చివరికి ఆ ఫుట్‌బాల్ కోసమే కొట్టుకునేవాళ్లు.

జెరోతిచ్ గేటు లోపలే, సామాను కంటైనర్ల చుట్టూ పరిగెత్తేది. చూసేవాడికి కళ్లు తిరిగేవి. గేటు రేకుకి ఓ పక్క సందు ఉంది. టీ కొట్టు నడిపే కిదెన్ ఆ సందులోంచి చూసి పగలబడి నవ్వేది.

"అక్కా, నిన్నెవరు కట్టేశారే గుంజకి? మేక కూడా కాసేపాగి గడ్డి తింటుందే!"

కిదెన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఆమె తల్లి కూచునేది. అవ్వకి రెండు కాళ్లూ పడిపోయి చాలా ఏళ్లయింది. కిదెన్ పొద్దున్నే తల్లిని వీపున మోసుకొచ్చి కుర్చీలో దింపి, చీకటి పడేముందు మళ్లీ వీపున ఎక్కించుకుని పోయేది. అవ్వ మా గేటు సందుకి ఎదురుగానే కుర్చీ వేయించుకునేది. జెరోతిచ్ కనిపించినప్పుడల్లా వేలితో చూపించి ఏదో గొణిగేది.

కొన్నాళ్లకి ఆ గుండ్రటి తిరుగుడు జెరోతిచ్‌కి పడలేదు. మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"సార్, మా ఊళ్లో కోచ్ బండి పరిగెత్తేవాళ్ల వెనకే వస్తుంది. దాహమేస్తే నీళ్లు, కాలు బెణికితే ఎక్కి కూచోడం. బండి లేకుండా పోవద్దన్నారుగా మీరు? బండి నా వెనకే ఉంటుంది. ఇంతకంటే భద్రం ఏముంటుంది?"

ముస్యిమి సార్‌కి అది మహా తెలివైన మాటలా తోచింది. నా సంగతి అడిగినవాడు లేడు. ఆ రోజు నుంచి తెల్లారగట్ల ఆమె ముందు, పళ్లు కూడా తోముకోని నేను వెనక. రాళ్ల క్వారీ దాకా వెళ్లి వచ్చేవాళ్లం. అప్పటికి దారి మీద కుక్కలు తప్ప ఎవరూ ఉండరు కాబట్టి ఏ గొడవా లేకుండా నెలలు గడిచాయి. తిరిగొచ్చాక కంటైనర్ల చుట్టూ కూడా నాలుగు చుట్లు వేసి గానీ ఆపేది కాదు.

ఆ వారం ఊరు బాగోలేదు. ప్రభుత్వంలో పైనున్న ఇద్దరు పెద్దమనుషులకి చెడిందని చెప్పుకుంటున్నారు. చౌరస్తాల్లో సైనికులు ఎక్కువయ్యారు. మా గేటుకి కాస్త ఇవతల కూడా ఒక కాపలా వెలిసింది. దుకాణాలు సగం తలుపే తీసేవి. "ఈ వారం మా వాడలో జనం చెప్పులు కాళ్లకేసుకునే పడుకుంటున్నారు" అంది కిదెన్, నాకు టీ పోస్తూ. ఆమె నవ్వుతూ చెప్పింది కాబట్టి నేనూ నవ్వేశాను.

ఆదివారం తెల్లారి కుండపోత వాన. పరుగు లేదు. అంతకుముందు మూడు రోజులూ లేదు. మధ్యాహ్నానికి ఎండ కాసింది. ముస్యిమి సార్ నైరోబీ వెళ్లి ఉన్నాడు. నాలుగింటికి జెరోతిచ్ బూట్లు కట్టుకుని నా గది ముందు నిలబడింది.

"అన్నా, బండి తియ్యి."

"ఈ వేళప్పుడా? మార్కెట్ నిండా జనం ఉంటారు. ససేమిరా కుదరదు."

"జనం ఉంటే ఇంకా మంచిదేగా. ఏదైనా అయితే చూసేవాళ్లుంటారు."

"ఏమీ కాకుండా ఇంట్లో కూచుంటే ఇంకా మంచిది."

"నువ్వు రాకపోతే గేటు లోపలే తిరుగుతా, నీ కిటికీ ముందే. రాత్రి దాకా."

అన్నంత పనీ చేసే మనిషి. తిట్టుకుంటూ తాళాలు తీశాను.

క్వారీ దాకా బాగానే వెళ్లాం. ఎండలో తడి రోడ్డు పొగలు కక్కుతోంది. ఆమె భుజాలు సడలాయి, నాలుగు రోజుల చిరాకు దిగిపోయింది. అది చూసి నా మనసు కూడా కాస్త తేలికపడిన మాట నిజం. తిరుగుదారిలో మార్కెట్ వరస మొదలైంది. ఉల్లిపాయలు, ఎండుచేపలు, పాత బట్టలు, ఇద్దరు బార్బర్లు, అవి దాటితే కాపలా, అవతల కిదెన్ టీ కొట్టు, మా గేటు. ఇటెన్ వాళ్లకో అలవాటుంది. ఇల్లు కనబడగానే ఉన్న బలమంతా పెట్టి ఉరుకుతారు. జెరోతిచ్ తల ముందుకు వంచి, నోరు తెరిచి ఉరికింది. వెనకబడకూడదని నేనూ వేగం పెంచాను.

ఉల్లిపాయలమ్మే ఆవిడ తలెత్తి చూసింది. ఆవిడకి కనబడిందేమిటో నాకు తర్వాత అర్థమైంది. ఒక ఆడమనిషి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెత్తుతోంది. ఆమె మడమలకి ఆనుకుని నల్ల అద్దాల బండి తరుముతోంది.

ఆవిడ కేక వేయలేదు. ఎవరూ కేక వేయలేదు, అదే నన్నిప్పటికీ నిద్రలో భయపెడుతుంది. పక్కనున్న పిల్లని చంకన వేసుకుని ఆవిడ లేచి పోయింది. ఆవిడ వెనక చేపలమ్మి. బార్బర్ సగం గడ్డం గీసినవాణ్ణి వదిలేసి పోయాడు, ఆ సగం గడ్డంవాడు బార్బర్ కంటే ముందు పోయాడు. షట్టర్లు దబదబా పడ్డాయి. మోటారుసైకిళ్లు నిలబడ్డచోటే వెనక్కి తిరిగాయి. చూస్తుండగానే మా ముందు రోడ్డంతా పరిగెడుతోంది.

జెరోతిచ్ అది చూసి, నిజంగానే ఏదో జరిగిందనుకుంది. ఇంకా వేగం పెంచింది. ఆమె పెంచేకొద్దీ వాళ్లు, వాళ్లు పెంచేకొద్దీ ఆమె. నేను హారన్ కొట్టాను, ఆగమని. హారన్ వినేసరికి మిగిలినవాళ్లు కూడా పరుగందుకున్నారు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అప్పుడు తుపాకి పేలింది.

గాల్లోకే పేల్చారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బ్రేకు వేసి చేతులు పైకెత్తాను. జెరోతిచ్ నడిరోడ్డు మీద ఆగిపోయింది, చేతులు నెత్తి మీద పెట్టుకుని, రొప్పుతూ. కాపలా వాళ్లు నలుగురు మా మీదకి వచ్చారు. నన్ను బండిలోంచి లాగి మోకాళ్ల మీద కూచోబెట్టారు. అందరూ కుర్రాళ్లే, మాకంటే ఎక్కువ భయపడి ఉన్నారు. వాళ్ల నాయకుడి వేలు ట్రిగ్గర్ మీద వణకడం నాకు కనబడుతోంది.

"నిన్నెవరు తరిమారు?" అని ఆమెని అడిగాడు.

"ఎవరూ తరమలేదు."

"వీడు?"

"అతను మా డ్రైవరు."

"ఎక్కడి నుంచి పారిపోయొస్తున్నావు? అటువైపు ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు. ఊరికే పరిగెత్తాను."

ఊరికే! ఆ మాటకి నాకే ఆమె చెంప పగలగొట్టాలనిపించింది. చెల్లికి జబ్బు చేసిందను, కుక్క తరిమిందను, ఏదో ఒకటి చెప్పవే తల్లీ. చెప్పదు. అబద్ధం ఆడడం ఆ మనిషికి చేతకాదు.

"ఊరికే ఎవడూ పరిగెత్తడు" అన్నాడు నాయకుడు. గొంతు పెరిగింది. "ఎవరు పంపారు నిన్ను? ఊరిని లేపమని ఎవరు పంపారు?"

తుపాకి ఆమె గుండెకి తిరిగింది. అయినా ఆమె మళ్లీ అదే మాట అంది. రోడ్డు మీద ఉల్లిపాయలు దొర్లుతున్నాయి. కిదెన్ కెటిల్ పొంగి నిప్పుల మీద చుయ్‌మంటోంది. ఆ పెద్ద రోడ్డులో ఆ చప్పుడు తప్ప ఏమీ లేదు.

లేదనుకున్నాను. ఇంకో గొంతు ఉంది. "కిదెన్! కిదెన్, అమ్మా!" అని పిలుస్తోంది. కాసేపు పిలిచి, జవాబు రాక, ఆగిపోయింది.

ఊరంతా పోగా అవ్వ ఒక్కతే కుర్చీలో మిగిలింది. నేను మోకాళ్ల మీంచి తల తిప్పి చూశాను. రెండు చేతులతో కుర్చీ పట్టుకుని ముందుకి వంగి మమ్మల్నే చూస్తోంది.

"ఒరేయ్ అబ్బాయిలూ!" అని అరిచింది. "దించండ్రా ఆ తుపాకి. ఆ పిల్ల నిజమే చెబుతోంది. దానికి పిచ్చి."

"నీకు తెలుసా అమ్మా ఈమె?"

"రోజూ చూస్తాను ఆ సందులోంచి. గేటు లోపల గుండ్రంగా తిరుగుతుంది. ఎవరూ తరమరు. అలిసిపోయి ఆగుతుంది, నీళ్లు తాగుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. ఎవరూ కొట్టకుండా, ఎవరూ తరమకుండా పరిగెత్తే మనిషిని నా జన్మలో మొదటిసారి చూశాను. దాన్ని చంపితే రేపటి నుంచి నాకు పొద్దెలా పోతుందిరా?"

నాయకుడు అవ్వ వైపు, ఆమె కాళ్ల వైపు చూశాడు. "అందరూ పోయారు, నువ్వెందుకు పోలేదమ్మా?"

"నా కాళ్లకి చెప్పు నాయనా, నా మాట వినడం మానేశాయి."

ఒక కుర్రాడు ఫక్కుమన్నాడు. తర్వాత నాయకుడు కూడా నవ్వాడు, ఊపిరి వదిలినట్టు. తుపాకి దించాడు. జెరోతిచ్ మొహం ముందు వేలు ఆడించి, "ఈ ఊళ్లో నడువు. ఇల్లు తగలబడుతున్నా నడిచే వెళ్లు" అని వాళ్ల చోటికి వెళ్లిపోయాడు.

నేను లేచేసరికే జెరోతిచ్ అవ్వ దగ్గరికి చేరింది. కెటిల్ దించి, నేల మీద కూచుని, అవ్వ రెండు చేతులూ పట్టుకుంది.

"కిదెన్ ఎటు పోయిందో చూశారా?" అని అడిగింది అవ్వ.

"చూడలేదు అవ్వా."

"దూరమే పోయుంటుందిలే. జూలైలో ఊళ్లో కాల్పులైనప్పుడు నన్ను మోస్తూ వెనకబడిపోయింది. వెనకబడినవాళ్లని తుపాకులవాళ్లు వదల్లేదు అప్పుడు."

జనం ఒక్కొక్కరే వస్తున్నారు. సిగ్గుపడుతూ నవ్వుకుంటూ, ఉల్లిపాయలు ఏరుకుంటూ, షట్టర్లు ఎత్తుకుంటూ. అందరి కంటే ఆఖరున నది వైపు నుంచి కిదెన్ వచ్చింది. ఒక కాలికే చెప్పుంది. లంగా మోకాలి దాకా బురద. రోడ్డుకి అవతలే ఆగిపోయి, తల్లి కుర్చీ వైపు చూస్తూ నిలబడింది. ఇటు అడుగు వేయలేకపోయింది.

అవ్వ కూతుర్ని చూసింది. చూసి, మా ఇద్దరి ఎదుటే, కళ్లు మూసుకుని గడ్డం గుండె మీదకి వాల్చేసింది.

కిదెన్ ఎలాగో రోడ్డు దాటింది. దగ్గరికి వచ్చి జెరోతిచ్‌ని చూసి, లోగొంతుతో అడిగింది. "నన్ను పిలిచిందా?"

జెరోతిచ్‌ నోట అబద్ధం రాదని చెప్పాను కదా. గుండె మీద తుపాకి పెట్టినా రాలేదు.

"పిలవలేదు కిదెన్. నిద్రపోతోంది" అంది జెరోతిచ్. కిదెన్ కళ్లలోకి సూటిగా చూస్తూ అంది. "తుపాకి పేలినా లేవలేదు. మేమొచ్చి పక్కన కూచున్నా లేవలేదు. నువ్వు వెళ్లిన సంగతే తెలీదు ఆమెకి."

కిదెన్ మోకాళ్ల మీద పడి తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. అవ్వ మెల్లగా కళ్లు తెరిచి ఆవులించింది. అంత అధ్వాన్నమైన నటన నేనెక్కడా చూడలేదు.

"ఏమిటే, టీ మరిగిందా?" అంది.

"మరిగిందమ్మా" అంది కిదెన్, తల ఎత్తకుండా.

మర్నాడు పొద్దున టవర్లకి బయల్దేరి గేటు దాటాం. కిదెన్ ఎప్పటిలాగే టీ పోస్తోంది. నడుముకి ఒక పొడుగాటి గుడ్డ చుట్టుకుని ఉంది. దాని రెండో కొస అవ్వ కుర్చీ చేతికి గట్టిగా ముడివేసి ఉంది. గ్లాసులు అందించడానికి అటూ ఇటూ కదిలినప్పుడల్లా ఆ గుడ్డ బిగుసుకుని ఆమెని వెనక్కి లాగుతోంది. ఆమె దాన్ని వదులు చేసుకోవడం లేదు.

జెరోతిచ్ అది చూసి, "పోనియ్ అన్నా" అంది. మొదటి టవరు వచ్చేదాకా మొహానికి చేతులడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఏడాది పైనే ఉంది జుబాలో. గేటు బయటా లోపలా మళ్లీ పరిగెత్తలేదు.