గంగరాజు నమ్ముకున్న బావ

గంగరాజుది ఉక్కు ఫ్యాక్టరీలో కరెంటు పని. మనిషి కోపిష్టి, నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. పనిలో మాత్రం వంక పెట్టలేం. రిటైరయ్యాక మా వీధిలో ఎవరింట్లో కరెంటు పోయినా తిట్టుకుంటూ వచ్చి ఊరికే బాగుచేసేవాడు. పక్కింటివాణ్ణి కాబట్టి ఆ తిట్లలో పెద్ద వాటా నాదే.

వాళ్లన్నయ్య వెంటిలేటరు మీద పోయాడు. గొట్టాలు పీకేసుకుంటున్నాడని ఆయన చేతులు మంచానికి కట్టేశారు. అది చూసొచ్చిన రోజు గంగరాజు అన్నం ముట్టలేదు. తర్వాత లాయరు దగ్గరికెళ్లి, తనకిక తెలివి రాదని డాక్టర్లు తేల్చేస్తే యంత్రాలు తీసేయాలని లివింగ్ విల్లు రాయించాడు. సాక్షుల్లో నేనొకణ్ణి. తన తరఫున ఒప్పుకోవాల్సిన మనిషిగా భార్య సూర్యకళని కాక, ఆమె అన్న దొరబాబుని పెట్టాడు. బావలిద్దరూ ఫ్యాక్టరీలో ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్లు.

"మా ఆవిడికి సెయ్యాడదు బావా. నీకాడతాది. నన్నలాగ కట్టనీకు," అన్నాడు.

"నానుండగా నీకేటి భయం?" అన్నాడు దొరబాబు.

ఈ వేసవిలో గంగరాజు మెదడులో నరం చిట్లి పడిపోయాడు. ఆసుపత్రిలో వెంటిలేటరు పెట్టారు. డాక్టర్ల బృందాలు రెండు విడివిడిగా చూసి, ఇక లాభం లేదని చెప్పి, యంత్రాలు తీసేందుకు సంతకం పెట్టమని దొరబాబుని పిలిచాయి.

దొరబాబు మంచం పక్కన నిలబడి "గంగరాజూ" అని గట్టిగా పిలిచాడు. కాసేపాగి మళ్లీ పిలిచాడు. బయటికొచ్చి సంతకం పెట్టనన్నాడు. నాకు ఒళ్లు మండి నిలదీశాను.

"ఫ్యాక్టరీలో రిపేరుకని మెషిన్లోకి దిగినోడిని, స్విచ్ ఏసేముందు పేరెట్టి పిలుత్తాం. పలక్కపోతే స్విచ్ ముట్టుకోకూడదు. ఒకపాలి నాను ముట్టబోతే ఈడే నా సెంప పగలగొట్టాడు. ఇప్పుడీడే పలకట్లేదు."

అక్కడ స్విచ్ వేస్తే చావు, ఇక్కడ తీస్తే చావు. ఆ తేడా తెలియనివాడు కాదు దొరబాబు. చెయ్యి రాలేదంతే. ఈలోగా గంగరాజు ఒళ్లు వాచిపోయింది, వీపున పుండ్లు పడ్డాయి. ఏది వద్దని రాసుకున్నాడో అదే అనుభవించాడు. దొరబాబు మీద జాలిపడాలో, తిట్టాలో నాకు తెలియలేదు.

చివరికి సూర్యకళ అన్న ఎదురుగా కూర్చుంది. "ఆయన పలకలేని రోజుకే గదా అన్నియ్యా నిన్నెట్టుకున్నాడు. నువ్వూ కాదంటే ఆయనకి ఇంకెవులున్నారు?"

దొరబాబు సంతకం పెట్టాడు. మెషిను ఆపేముందు డాక్టర్ని ఒక్క నిమిషం ఆగమని, గంగరాజు చెవి దగ్గరికి వంగాడు.

"బావా, స్విచ్ తీసేత్తన్నారు."

జవాబు కోసం ఆగాడు. మేమందరం ఆగాం. సూర్యకళే డాక్టరు వైపు తిరిగి తలూపింది.