గోల్కొండలో బాపు చప్పట్లు

ఆ రోజుల్లో మా కోటగిరి వైపు పెళ్లిచూపుల్లో అబ్బాయి చేయాల్సిన పని పెద్దగా ఉండేది కాదు. ఇస్త్రీ చొక్కా వేసుకొని కూర్చోవాలి, పిల్ల నచ్చిందా అని ఎవరైనా అడిగితే "బాపు ఏమంటే గదే" అనాలి. (ఆ రోజులంటే మరీ పాతవి కావు, అప్పటికే అందరి జేబుల్లోనూ సెల్‌ఫోన్లున్నాయి.) నేనూ అలాగే గట్టెక్కుదామనుకున్నాను. కానీ నాకు చూసిన అమ్మాయి నిజామాబాద్‌లో పుట్టి పెరిగి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. ఉండేది హాస్టల్లో, సెలవు ఆదివారం ఒక్కటే. అందుకని వాళ్ల నాన్న, "గోల్కొండ ఖిల్లాల కలుద్దాం, పిల్లలు జర మాట్లాడుకుంటరు" అని కబురు చేశాడు. పెళ్లిచూపులకు కోటేమిటని మా అమ్మ ముక్కున వేలేసుకుంది.

బాపు, అదే మా నాన్న, మాత్రం సంబరపడ్డాడు. అంతకుముందు చెరుకు రైతులతో యాత్రకు పోయినప్పుడు ఆయన ఆ కోట చూశాడు. కింద దర్వాజ దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తుందనీ, సిపాయిలు అలాగే పైకి కబురు పంపేవారనీ ఊళ్లో వినని చెవి లేకుండా చెప్పాడు. ఇప్పుడా విద్యకు పని దొరికింది. బస్సులో నా పక్కకు జరిగి మెల్లగా అన్నాడు: "నాకు మోకాళ్లు నొస్తయి, పిల్ల నాయినకు ఆయాసమంట. మేమిద్దరం దర్వాజ కాడనే కూసుంటం. పట్నంల నౌకరి చేసే పిల్లను మనూరికి తోలుతవా అని ఆయన్ను అడుగుత. ఒప్పుకుంటే ఒక్కసారి చప్పట్లు కొడ్త, ఒప్పుకోకుంటే రెండుసార్లు. అప్పటిదాంక నువ్వు నోరిప్పకు."

"ఫోన్ చెయ్యరాదా బాపూ?"

"ఆయన పక్కపొంటి కూసోని ఫోన్ల ఎట్ల చెప్తరా? చప్పట్లయితే ఆడ అందరు కొడ్తరు. ఎవలకు అనుమానం రాదు."

అందరూ కొడతారన్న మాటలోనే ఉన్న చిక్కు ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఉత్త చేతులతో పోకూడదని బాపు మా పొలంలోని చెరుకు గడలు మోపు కట్టి తెచ్చాడు. దర్వాజ దగ్గర కావలి మనిషి "గన్నా ఊపర్ నై లేజానా, చాచా" అని, చెరుకు పైకి పోనివ్వకుండా ఆపాడు. బాపు మోపు దించుకొని అక్కడే కూర్చున్నాడు, ఆయన పక్కన, కూతురితో వచ్చి కలిసిన అమ్మాయి నాన్న. అమ్మాయీ నేనూ మెట్లెక్కాం.

ఆమె చకచకా ఎక్కింది, నేను రొప్పుతూ ఎక్కాను. సగం కొండకే ఆమె నాకు నచ్చేసింది. పైకి చేరి నీళ్లు తాగుతుండగా కింది నుంచి ఒక్కసారి చప్పట్లు వినిపించాయి. నా మొహం వెలిగిపోయింది. అంతలో రెండుసార్లు. మళ్లీ ఒకటి. ఆ వెంటనే ఎక్కడిదో బడి పిల్లల గుంపు దిగినట్టుంది, వడగళ్ల వాన కురిసినట్టు చప్పట్లు మోగాయి.

"గిప్పుడే నవ్విండ్రు, గిప్పుడే మొఖం ముడుసుకున్నరు. పానం మంచిగ లేదా?" అందామె.

దాచలేక సంగతంతా చెప్పేశాను. ఆమె పొట్ట పట్టుకొని నవ్వింది. తర్వాత నవ్వాపి నా వైపు తిరిగింది. "అమ్మమ్మోళ్లది పల్లెనే, నాకు కొత్త కాదు. మీ ఊరికి వస్త. మరి మీరేమంటరు?"

ఇష్టమేనని చెప్పబోయి, "బాపు ఏమంటే గదే" అన్నాను.

"బాపు కింద ఉన్నడు. పైన ఉన్నది మీరే గదా!" అని ఆమె మెట్లు దిగడం మొదలుపెట్టింది. నేను వెనకాలే దిగాను.

కింద చూస్తే చెరుకు పిప్పి కుప్పపడి ఉంది. బాపు, వాళ్ల నాన్న, కావలి మనిషి వరసగా కూర్చొని నములుతున్నారు. "ఎన్నిసార్లు కొట్టినవ్ బాపూ?" అని గొణిగాను.

"ఏడ కొట్టుడురా? రెండు చేతులల్ల చెరుకుండె!"

"మస్తు తియ్యగుంది బావా, ఇంకో గడ ఇయ్యి" అన్నాడు వాళ్ల నాన్న. ఆ 'బావా' అన్న పిలుపుతో సంబంధం కుదిరిందని తెలిసింది.

పెళ్లయింది, పిల్లలూ పెద్దవాళ్లవుతున్నారు. ఇంట్లో నేను ఏ సంగతీ తేల్చకుండా నసిగితే చాలు, "బాపు చప్పట్లు కొట్టాలె గదా" అని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది.

బాపు ఇప్పుడు లేడు. మొన్న పిల్లలు పట్టుబట్టితే మళ్లీ గోల్కొండ వెళ్లాం. బాపు మోకాళ్లు నాకొచ్చాయి కాబట్టి ఆమే, పిల్లలిద్దరూ పైకెక్కారు, నేను ఆయన కూర్చున్న చోటే కూర్చున్నాను. ఆయన మీద బెంగగా అనిపించింది. జనం పలచబడేదాకా ఆగి, లేచి నిలబడి, ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టాను.

కాసేపటికి పైనుంచి ఆమె ఫోన్ చేసింది. "ఒక్కటే ఇనబడ్డది. నువ్వేనా?"

"నేనే."

"గిన్నేండ్లు పట్టిందా ఔనని చెప్పనీకి?" అంది. గొంతులో నవ్వుంది, ఇంకేదో కూడా ఉంది. దర్వాజ కింద ఒంటరిగా నవ్వుకుంటున్న నన్ను కావలి మనిషి వింతగా చూశాడు. అతనికి ఇద్దామంటే చేతిలో చెరుకు కూడా లేదు.