ఇంటిపేరొక్కటే మిగిల్చే ఫంక్షన్

నేను తిరువూరులో మా ఇంటి ముందు గదిలో కూర్చుని ఒక హైదరాబాదు కంపెనీకి పనిచేస్తాను. చేరిన మొదటి ఏడాది ప్రొబేషన్. అది ముగిసే నెలలోనే ఈ గొడవ వచ్చిపడింది.

పేర్లు, చిరునామాలు కత్తిరించడానికీ, అతకడానికీ, సరిచేయడానికీ చిన్న చిన్న ఫంక్షన్లు, అంటే ప్రోగ్రాము ముక్కలు, రాయడం మా టీమ్ పని. వాటన్నిటినీ ఒక లైబ్రరీగా కట్టి ఇస్తే ఎవరికి కావాలంటే వాళ్లు తమ సాఫ్ట్‌వేర్‌లో వాడుకుంటారు. నాకిచ్చింది మరీ చిన్నది. పేరుకు చోటు చాలకపోతే మొదటి మాట ఉంచి మిగతాది తీసేయాలి. రక్తపరీక్షల ల్యాబులో ట్యూబుల మీద అంటించే వేలెడు స్టిక్కర్ల కోసం అన్నారు.

రాశాను. పరీక్షకు వాళ్లిచ్చినవన్నీ ఇంగ్లీషు పేర్లే, అన్నీ పాసయ్యాయి. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఎ.కొండూరులో ఉండే మా మామయ్యలిద్దరి పేర్లూ ఆధార్ కార్డులో ఉన్నట్టే ఇచ్చి చూశాను. మా వైపు ఇంటిపేరే ముందు కదా, ఇద్దరికీ అదొక్కటే మిగిలింది. ఇద్దరికీ కిడ్నీ జబ్బు. నెలనెలా ఒకే బస్సులో తిరువూరు వచ్చి, ఒకే బల్ల మీద కూర్చుని రక్తం ఇస్తారు. పెద్ద మామయ్యకు ముదిరింది, చిన్న మామయ్యకు ఇంకా మొదలే. ఒకరి రిపోర్టు ఇంకొకరి చేతికొస్తే? నాకు ఒళ్లు మండింది. ఆ రెండు పేర్లనూ విడుదలకు ముందు తప్పక పాసవ్వాల్సిన టెస్టుగా పెట్టాను. అది ఫెయిలై లైబ్రరీ విడుదల ఆగిపోయింది.

మా టీమ్ లీడ్ ఫోన్ చేశారు.

“ఆ టెస్టు తీసెయ్యమ్మా. స్టిక్కరు మీద నంబరు కూడా ఉంటుంది కదా.”

“ల్యాబులో నంబరు పెట్టి ఎవరు పిలుస్తారు సార్? పేరు పెట్టే పిలుస్తారు.”

“మన లైబ్రరీ ప్రపంచమంతా వాడతారు. నీ తిరువూరు కోసం ఆపుతామా?”

“తిరువూరు ప్రపంచంలో లేదా సార్?”

ఆయన నా ప్రొబేషన్ ఫైలు తన దగ్గరే ఉందని గుర్తుచేశారు.

భయం వేసింది, లేదని అబద్ధం చెప్పను. ఇది పోతే ఇంట్లో కూర్చుని చేసే ఇలాంటి ఉద్యోగం మళ్లీ దొరకదు. అయినా తీయలేదు. తీయకపోగా పెనుగొలనులో ఉన్న మా పెదనాన్నల పేర్లు కూడా చేర్చాను. ఫంక్షన్‌ను తిరగరాశాను. ఇప్పుడది పేరును కొయ్యదు, రెండు వరుసలుగా విరిచి ఇస్తుంది. స్టిక్కరులో రెండు వరుసలు హాయిగా పడతాయి. “టెస్టు తీయాలంటే మీరే తీయండి సార్. తీసింది ఎవరో కోడ్ చరిత్రలో పేరుతో సహా రికార్డవుతుంది” అని రాసి పంపాను. ఎవరూ తీయలేదు. కొత్త ఫంక్షనే లైబ్రరీలోకి వెళ్లింది.

ఆ పై వారం కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. చెప్పిన మాట విననందుకు ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారట, సంతకం చేసి పంపాలట. పైన నా పేరుండాల్సిన చోట మా ఇంటిపేరొక్కటే ఉంది.

వెంటనే జవాబు రాశాను. “ఈ ఇంటిపేరుతో మా ఇంట్లో అయిదుగురం ఉన్నాం. మీరు ప్రొబేషన్ పొడిగించింది నాకా, మా తాతయ్యకా? పూర్తి పేరు రాసి పంపండి, సంతకం సంగతి అప్పుడు చూద్దాం.”