గేటు వెనక రెండెకరాల వరి: శృంగవరపుకోటలో రెండు రోజులు

మాది ఏలూరు. జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్తాను. అభివృద్ధి చెందుతున్న దేశాలు, ఆదాయ అసమానతలు అన్న పాఠం ఏటా నవంబరులో వస్తుంది. చెప్పి చెప్పి నోటికి వచ్చేసింది. ఈసారి పాఠం అయ్యాక ఒకమ్మాయి లేచి, "మేడం, ఒక ఊరు బాగుపడిందని ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. తలసరి ఆదాయం, అక్షరాస్యత, ఆయుర్దాయం అంటూ వరసగా చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుంది గానీ నాకే ఆ జవాబు తృప్తిగా అనిపించలేదు. ఆ వారమే తోటి లెక్చరర్ ఒకావిడ శృంగవరపుకోట దగ్గర కొండల కింద, మామిడితోటలో కట్టిన రిసార్టు ఫొటోలు చూపించింది. నాలుగు పెంకుటిళ్ళు, మధ్యలో ఈతకొలను, వెనక వరిపొలాలు. రెండు రోజులు సెలవు పెట్టి ఒక్కదాన్నే బయలుదేరాను. విశ్రాంతి కోసమే వెళ్ళాను. తిరిగొచ్చి మూడు వారాలైనా అక్కడ చూసినదాన్ని మంచి అనాలో చెడు అనాలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. రాస్తేనన్నా తేలుతుందేమోనని ఇది రాస్తున్నాను.

రాత్రి ఏలూరులో రైలెక్కితే పొద్దున్నకల్లా విజయనగరంలో దిగవచ్చు. ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి శృంగవరపుకోటకు, అక్కడివాళ్ళ మాటలో కోటకు, బస్సులు తరచుగానే ఉంటాయి. గంటా పావు ప్రయాణం, టికెట్టు యాభై రూపాయలకు అటూ ఇటూ. విశాఖ వైపు నుంచి వచ్చేవాళ్ళకు అరకు వెళ్ళే కిరండూల్ పాసింజరు ఉంది, అదీ కోటలో ఆగుతుంది. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాను. రిసార్టుకు రెండు వందలు. ఊరు దాటగానే రోడ్డుకు రెండు వైపులా లేఅవుట్ల జెండాలు, రంగులేసిన హద్దురాళ్ళు మొదలయ్యాయి.

"ఈ పక్క బూములన్నీ అమ్ముడైపోనాయమ్మా," అన్నాడు ఆటో నడిపే నడివయసు మనిషి. "కొన్నోళ్ళు విశాపట్నంలో ఉంటారు. అమ్మినోళ్ళం ఈడే ఉన్నాం."

"మీరూ అమ్మారా?"

"ఎకరన్నర. ఇదిగో, దాని మీదే కూకున్నారు మీరు," అని సీటు మీద చేత్తో తట్టాడు.

నష్టపోయారా అని అడిగాను. "వానొచ్చినా ఎండొచ్చినా ఆటో తిరుగుతాది. నష్టమేటి? కాకపోతే ఏ రోజుకారోజు తిరగాల," అన్నాడు. అది అవునో కాదో నాకు అర్థం కాలేదు.

రిసార్టులో దిగగానే ఒకావిడ మట్టి ముంతలో అంబలి తెచ్చి ఇచ్చింది. చోళ్ళ అంబలి, అంటే మన రాగిజావే, మజ్జిగ కలిపి, పైన ఉల్లిపాయ ముక్కలు వేసి. ఆవిడ పేరు పైడమ్మ. వంటంతా ఆవిడదే. ఆవిడ భర్త రామునాయుడు తోటపని చూస్తాడు, గేట్ల తాళాలూ అతని దగ్గరే. గది అద్దె భోజనాలతో కలిపి రోజుకు నాలుగు వేలు. మధ్యాహ్నం ఆవపెట్టిన పనసపొట్టు కూర, నువ్వుల పచ్చడి, చేపల పులుసు వడ్డించింది. ఇంత రుచి ఎక్కడా చూడలేదన్నాను. అంబలి మీ ఇంట్లో కూడా రోజూ కాస్తారా అని అడిగితే పైడమ్మ నవ్వింది.

"మా ఇంట్ల ఎవులు తాగుతారమ్మా? మా పిల్లకి పొద్దున్నే కార్న్‌ఫ్లేక్స్ కావాల. ఇది కారుల్లో వొచ్చినోళ్ళకే."

భోజనం అయ్యాక రామునాయుడు తోట చూపించాడు. కొలను దగ్గర ఆగి, ఇక్కడే తను నువ్వులు వేసేవాడినని మామూలుగా చెప్పాడు. ఈ రిసార్టు భూమిలో మూడెకరాలు అతనివి. అమ్మిన డబ్బుతో డాబా కట్టాడు, కూతుర్ని విశాఖలో నర్సింగు చదివిస్తున్నాడు. ఇప్పుడు నెల జీతం. వెనక గేటు అవతల కనిపిస్తున్న రెండెకరాల వరి మాత్రం అతని అన్నగారిది. అన్న పేరు అప్పల్నాయుడు. ఎంతమంది అడిగినా అమ్మలేదు. ఊళ్ళో అందరూ ఆయన్ని కోటీశ్వరుడని ఎగతాళి చేస్తారట. భూమి ధర అంత పలుకుతోంది. ఆయన మాత్రం ఇప్పటికీ పెంకుటింట్లోనే ఉన్నాడు, ఏటా పంట పెట్టుబడికి తమ్ముడి దగ్గరే చేబదులు తీసుకుంటాడు. ఇద్దరిలో ధనవంతుడెవరు? పాఠం చెప్పే దాన్ని కదా, నాలో నేనే ఆదాయం వేరు, సంపద వేరు అని నిర్వచనాలు చెప్పుకున్నాను. నిర్వచనాలు సరిగ్గానే ఉన్నాయి. అయినా ఇద్దరిలో ఎవరి పక్కన నిలబడితే క్షేమమో అవి చెప్పలేదు.

ఆ పొలానికి పాత బండిదారి ఒకటి ఉండేది. అది ఇప్పుడు రిసార్టు మధ్య నుంచి పోతుంది. భూమి కొన్నప్పుడు రిసార్టు ఓనరు దారి వదులుతానని మాటిచ్చాడట, కాగితం మాత్రం లేదు. అతిథులు లేవకముందు పొద్దున్నా, చీకటి పడే వేళా వెనక గేటు తెరుస్తారు. తక్కిన సమయంలో వెళ్ళాలంటే చుట్టూ తిరిగి గెడ్డ దాటాలి. వర్షాలకు ఆ వాగు నిండుగా పారుతోంది.

రెండోరోజు మధ్యాహ్నం నుంచి తూర్పున మబ్బు కమ్ముకుంది. అల్పపీడనం అని, సాయంత్రం నుంచి భారీ వర్షాలని అందరి ఫోన్లకూ సందేశాలు వచ్చాయి. అప్పల్నాయుడు వరి కోసి పనలు పొలంలోనే ఆరబెట్టి ఉన్నాడు. మూడింటికి ట్రాక్టరు తెచ్చి రోడ్డు మీద ఆపి, పదిమంది కూలీలను చుట్టూ తిప్పి గెడ్డ దాటించి పొలంలోకి పంపాడు. వాళ్ళు చకచకా మోపులు కట్టారు. నెత్తిన మోపులతో మళ్ళీ ఆ నీళ్ళు దాటడం కుదరదు. ఇక వెనక గేటు తీస్తే చాలు, రెండు వందల గజాల్లో ట్రాక్టరు దగ్గరికి చేరతాయి. కానీ ఆ మధ్యాహ్నమే విశాఖ నుంచి ఒక పెళ్ళికాబోయే జంట ఫొటోలు తీయించుకోవడానికి వచ్చింది. పచ్చిక మీద తెల్ల గుడ్డలు, పూల చట్రాలు, పైన డ్రోను. ఆరు దాటేదాకా గేటు తీయడానికి వీల్లేదని మేనేజరు చెప్పాడు.

అప్పల్నాయుడు అరవలేదు. పొలం వైపు నుంచి గేటు కమ్మీలు పట్టుకుని నిలబడ్డాడు. "తడిస్తే మొలకొచ్చేస్తాయి బాబూ," అని ఒక్కసారి అన్నాడు, అంతే.

రామునాయుడు నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, మీరు గెస్టు గదా. మీకేటీ ఇబ్బంది నేదని మేనేజరు బాబుకి ఒక మాట సెప్తారేటి?"

వెళ్ళి చెప్పాను. మేనేజరు పాతికేళ్ళ కుర్రవాడు, పాతపట్నం దగ్గర రైతు కుటుంబమేనట. కోపంగా మాట్లాడలేదు. "మేడం, వరి తడిస్తే ఏమౌతుందో నాకు తెలుసు. ఓనరు గారు కెమెరాల్లో చూస్తూ ఉంటారు. ఆ జంట డబ్బు కట్టారు. గేటు తీస్తే రేపు నేను ఇంట్లో ఉంటాను," అన్నాడు. అతనూ అబద్ధం చెప్పడం లేదు.

వంటగది గుమ్మంలో పైడమ్మ నిలబడి ఉంది. భర్త ఆమె వైపు చూశాడు.

"నువ్వు తీస్తే మన పని పోతాది. తియ్యకపోతే బావ పంట పోతాది," అందామె. "ఏటి సెయ్యాలో నన్నడక్కు."

రామునాయుడు వెళ్ళి తాళం తీశాడు. "ఒరే రాముడూ, ఆలోసించుకో," అని అన్న అంటూనే ఉన్నాడు. "ఆలోసిస్తే వోన ఆగదు గదన్నా, బేగి రండి," అని గేటు బార్లా తోసి, మొదటి మోపు తనే నెత్తికెత్తుకున్నాడు.

మోపులు వరసగా రాసాగాయి. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక, పచ్చిక మీంచి పూల చట్రాల పక్కనుంచి దాదాపు పరుగులాంటి నడక. చూస్తూ నిలబడలేక నేనూ ఒకటి ఎత్తుకున్నాను. మెడంతా దురద, రెండడుగులకోసారి గింజలు జారుతున్నాయి. అప్పల్నాయుడు దగ్గరికొచ్చి, "ఒగ్గెయ్యమ్మా, మీరు టార్పాలిను పట్టుకోండి సాలు," అన్నాడు. పట్టుకున్నాను. ఫొటోలు తీసే అతను మొదట విసుక్కున్నాడు, తరవాత కెమెరా ఇటు తిప్పాడు. డ్రోను మా తలల మీదకు వచ్చింది. పెళ్ళికూతురు కూడా ఒక చిన్న మోపు అడిగి చేతుల్లోకి తీసుకుని నవ్వింది. ఆఖరి మోపులు ట్రాక్టరు మీద పడుతుండగా వాన అందుకుంది. నాలుగైదు మోపులు తడిశాయి, తక్కిన పంటంతా దక్కింది.

సాయంత్రం అందరం ఓనరు ఫోను కోసం ఎదురుచూశాం. తాళాల గుత్తి రామునాయుడు ముందే మేనేజరు బల్ల మీద పెట్టేశాడు. ఫోను వచ్చింది. మేనేజరు వింటూ వింటూ మొహం అదోలా పెట్టి, స్పీకరు ఆన్ చేశాడు. ఓనరు గొంతు హుషారుగా ఉంది. ఫొటోగ్రాఫరు వీడియో పెట్టాడట, అందరూ ఆ చోటు ఎక్కడని అడుగుతున్నారట. ఏటా కోతల కాలంలో శని, ఆదివారాలు అతిథులకు ఇది చూపిద్దామన్నాడు. ట్రాక్టరు వద్దు, ఎడ్లబండి ఉండాలి. మగవాళ్ళకు పంచె, తలపాగా. అప్పల్నాయుడికి వారానికి ఇంత అని ఒక మొత్తం చెప్పాడు. తాళాలు మళ్ళీ రామునాయుడి చేతికి వచ్చాయి. అతను వాటిని నడుముకు కట్టుకోకుండా చాలాసేపు పట్టుకునే నిలబడ్డాడు. పైడమ్మ కళ్ళు తుడుచుకుని, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళిపోయింది. నాకు సంతోషించాలనిపించింది. ఎందుకో ఆ సంతోషం పూర్తిగా రాలేదు.

మర్నాడు పొద్దున్న అప్పల్నాయుడు వంటగది అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

"మీరు లెక్కల పంతులమ్మంట గదా," అన్నాడు. "నాను పండించినదానికి రేటు సరిగ్గా రాదు. అదే మోసి సూపిత్తే దానికి రెట్టింపు ఇస్తానంటన్నాడు. ఇదేటమ్మా?"

నేను చెప్పేది లెక్కలు కాదు, అర్థశాస్త్రం అనబోయి ఊరుకున్నాను. తేడా చెప్పినా ఉపయోగం లేదు, జవాబు అందులోనూ లేదు. "మీరేమన్నారు?" అని అడిగాను.

"డబ్బులొద్దు, దారి కాగితం మీద రాసియ్యమన్నాను."

"ఏమన్నాడు?"

"డబ్బులైతే ఇంకా పెంచుతాడంట. దారి రాసివ్వడంట." గ్లాసు కింద పెట్టి లేచాడు. "సూడాల."

నేను కోటలో బస్సెక్కి వచ్చేశాను. పది రోజుల తరవాత ఉండబట్టలేక పైడమ్మకు ఫోను చేశాను. కోతలైపోయాయని, వచ్చే ఏడాది చూపించడానికి ఎడ్లబండి అప్పుడే కొనేశారని చెప్పింది. బావగారు ఒప్పుకున్నారా అని అడిగాను.

"ఒప్పుకున్నాడమ్మా," అంది. "ఆ శని, ఆదివారాలైనా పగలంతా గేటు తెరిసుంటాది గదా అన్నాడు."

ఇందులో ఓడింది ఎవరని నన్ను నేనే చాలాసార్లు అడుగుతున్నాను. తమ్ముడి ఉద్యోగం నిలిచింది, అన్న పంట దక్కింది, దానికి తోడు కొత్త ఆదాయమూ వస్తుంది. మేనేజరుకు జీతం పెరిగిందట. లెక్క రాస్తే ప్రతి ఇంట్లోనూ కిందటేడు కన్నా ఎక్కువే తేలుతుంది. ఒక మనిషి తన సొంత పొలానికి వెళ్ళడానికి తలపాగా చుట్టుకుని నటించాలన్నది ఏ గడిలో రాయాలో నాకు తెలియదు. నేను కట్టిన అద్దెలోంచే పైడమ్మ జీతం వస్తుంది, ఆ గేటూ ఆ అద్దె కోసమే ఉంది. కాబట్టి వెళ్ళకండి అని చెప్పలేను, తప్పక వెళ్ళండి అనీ చెప్పలేకపోతున్నాను. వెళ్తే మాత్రం ఒక పని చేయండి. గది ఖాయం చేసుకునేముందు ఈతకొలను ఉందా, వైఫై ఉందా అని ఎలాగూ అడుగుతారు. వెనక పొలాలవాళ్ళకు దారి ఉందా, అది పగలంతా తెరిచే ఉంటుందా అని కూడా అడగండి.