పసుపు దారం చుట్టిన పీనుగుల సైన్యం

సవిత ఇంట్లో నక్క తలకాయల బొమ్మలున్నాయట. వాటి కాళ్లలో సూదులు దింపి, ఒంటి నిండా దారం చుట్టి మంత్రాలు చేసిందట. అందుకే ఎదురింటి సుమిత్రమ్మ కుడిచెయ్యి పడిపోయిందట. బోధన్‌లో శక్కర్‌నగర్ వెనక గల్లీలో పుట్టిన ఈ మాట రెండు వారాల్లో సవిత పుట్టిల్లు నవీపేట్ దాకా పోయింది.

అందులో బొమ్మలు నిజం. నక్క తలకాయలు నిజం. సూదులు నిజం, దారమూ నిజం. సుమిత్రమ్మ చెయ్యి మొద్దుబారిన మాట కూడా నిజమే. మిగిలినదంతా అబద్ధం. ఆ అబద్ధం మొదట ఎవరి నోట వచ్చిందని అడిగితే మాత్రం గల్లీలో ఇంటికో పేరు చెబుతారు. ఒకరు ట్రాక్టర్ల మెకానిక్ లక్ష్మీరాజం అంటారు, ఇంకొకరు అతని పెండ్లాం అంటారు. వాళ్లు కాదు. మొదట అన్నది సుమిత్రమ్మే.

సుమిత్రమ్మకు తెలియకుండా ఆ గల్లీలో గ్యాస్ బండ కూడా మారదు. ఎవరింట్లో ఏ కూర ఉడికిందో వాసన చూసి చెబుతుంది, వాసన అందకపోతే పోయి మూత తీసి చూస్తుంది. ఏడేళ్ల వయసులో ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు అరవై దాటినా ఆ చాట దిగలేదు. గుమ్మంలో కూర్చుని తునికాకు కత్తిరిస్తూ, జర్ద పొగాకు నింపుతూ, దారం కడుతూ, వచ్చేపోయే వాళ్లందరినీ ఒక్కరిని కూడా వదలకుండా చూస్తుంది. చేతికి కళ్లతో పనిలేదు కాబట్టి కళ్లు ఎప్పుడూ ఖాళీయే.

సవిత కూడా ఒకప్పుడు ఆ గుమ్మంలోనే ఆమె పక్కన కూర్చుని చుట్టేది. పద్దెనిమిదేళ్లకు సిద్దిరాములును చేసుకుని బోధన్ వచ్చింది. అతను చెరుకు ట్రాక్టర్ నడిపేవాడు. నాలుగేళ్ల కింద నిజాంసాగర్ కాలువ గట్టు మీద ట్రాలీ తిరగబడి చనిపోయాడు. ఆ తర్వాత సవిత, కూతురు హర్షిణి బాలనర్సయ్య ఇంటి ముందు గదిలో కిరాయికి ఉంటున్నారు. సవిత వేళ్ల మీద గల్లీలో అందరికీ కన్నుండేది. బీడీ మూతి మలిస్తే మిషన్ మలిచినట్టు ఉండేది. సుమిత్రమ్మ ఆ మాట పైకి అనలేదు గాని, తన కట్టల పైవరుసలో పెట్టడానికి తన దారమిచ్చి సవితతో ఎప్పుడూ నాలుగు చుట్టించుకునేది.

ఉన్నట్టుండి సవిత బీడీలు మానేసింది. హర్షిణి నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతూ ఫోన్‌లో ఏదో పని వెతికి పెట్టిందని తెలిసింది. ఏం పనో తెలియలేదు. నెలకోసారి బస్సు పార్సిల్‌లో డబ్బా వస్తుంది, డబ్బా పోతుంది. సవిత కిటికీ ముందు తల వంచుకుని కూర్చుంటుంది. సుమిత్రమ్మ మూడుసార్లు అడిగింది. రంగులేస్తున్న అవ్వా అని మూడుసార్లూ ఒకే జవాబు వచ్చింది. దేనికి వేస్తున్నదో చెప్పకుండా రంగులేస్తున్నానంటే సుమిత్రమ్మకు అన్నం సయించలేదు.

పని సంగతి నిజానికి ఇంతే. హైదరాబాద్‌లో ఒక కంపెనీ బల్ల మీద ఆడే ఆట ఒకటి తయారుచేస్తుంది. అందులో ఒక ఇసుక రాజ్యం. వేల ఏళ్ల కిందటి ఈజిప్టు దేశపు కథల్లోంచి తెచ్చి, తమకు తోచింది కలిపారు. బొటనవేలంత బొమ్మలు వస్తాయి, వాటికి మూడు వెంట్రుకల కుంచెతో రంగులు వెయ్యాలి. శ్మశానానికి కాపలా ఉండే నక్క తలల బంట్లు, తేలు కొండి ఉన్న ఆడ యోధులు, సాయంత్రం కాగానే సూర్యుణ్ణి మింగాలని ఇసుక కింద పొంచి ఉండే పాము. ఒక్కోదాని కథ హర్షిణి ఫోన్‌లో చదివి చెబుతుంటే సవిత వాటికి తన పేర్లు పెట్టుకుంది. నక్క పటేల్, తేలు దొరసాని. పాముకు మాత్రం పేరు పెట్టలేదు. రోజూ ఓడిపోయి రోజూ మళ్లీ వచ్చేదానికి పేరెందుకని అనేది. అక్కడ నీళ్లు లేవు గనకే ఇన్ని దయ్యాలున్నాయి, నిజాంసాగర్ లాంటిది ఒక్కటి కట్టి ఉంటే సగం దయ్యాలు చెరుకు నాటుకునేవని కూడా అనేది.

చేత్తో పట్టుకుంటే రంగు అంటుతుంది. అందుకని బొమ్మ కాలి కింద సూది గుచ్చి, ఆ సూదిని ఎండిన చెరుకు గడ ముక్కలో దింపి నిలబెట్టేది. బెండు మెత్తగా ఉంటుంది, సూది కదలదు. ఆ ముక్కలన్నీ కిటికీలో వరసగా ఎండేవి.

పోయిన నెల పీనుగుల సైన్యం వచ్చింది. చచ్చి, గుడ్డపేలికలు చుట్టించుకుని, మళ్లీ లేచి కత్తి పట్టిన సిపాయిలు. ఎంత రంగు వేసినా పేలికలు పేలికల్లా కనబడలేదు. సవిత రెండు రోజులు చూసి, డబ్బాలో మిగిలిన బీడీ దారం తీసి ఒకదానికి మెడ నుంచి మడమ దాకా చుట్టింది. ఫొటో పంపితే కంపెనీ వాళ్లు అన్నీ అలాగే కావాలన్నారు.

ఆ దారం సుమిత్రమ్మది. బీడీలు చుట్టే వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక్కో బీడీ కంపెనీది ఒక్కో రంగు దారం. సుమిత్రమ్మ చుట్టే కంపెనీది ఎండిన పసుపు కొమ్ము రంగు. సవిత వాళ్లది ఎరుపు. ఇద్దరూ ఒకే గుమ్మంలో కూర్చునే రోజుల్లో ఎప్పుడో అవసరం పడి సవిత సగం ఉండ బదులు తీసుకుంది. ఇచ్చిన మనిషీ మరిచింది, తీసుకున్న మనిషీ మరిచింది.

ఒక పొద్దున సుమిత్రమ్మ చాట ముందు కూర్చుంటే కుడిచేతి వేళ్లు మూడు బిగుసుకున్నాయి. ఆకు మడత పడలేదు. దారం ముడి పడలేదు. చెయ్యి విదిలించుకుంటూ లేచి, పనిలో పనిగా సవిత కిటికీలోకి తొంగి చూసింది. చెరుకు ముక్క మీద ఒక పీనుగు నిలబడి ఉంది. కాలిలో సూది. ఒళ్లంతా పసుపు దారం, చేతులు ఛాతీకి కట్టేసి ఉన్నాయి. దాని వెనక నక్క మొఖంవాడు ఈటె పట్టుకుని సుమిత్రమ్మ వైపే చూస్తున్నాడు. నలభై కట్టల మధ్య పెట్టినా ఆమె తన దారాన్ని గుర్తుపడుతుంది. తన దారం, కట్టేసిన చేతులు, కదలని తన వేళ్లు.

ఇంటికి వచ్చి లక్ష్మీరాజం పెండ్లాంతో ఒక్క మాటే అంది.

“నా దారంతోటి నా ఏళ్లు కట్టేసింది గా సవిత.”

ఎవరికీ చెప్పొద్దని కూడా అంది. సాయంత్రానికి గల్లీ అంతా తెలిసింది. పిల్లల జ్వరాలు, ఎండిన బోరు, ఆగిపోయిన పెళ్లి చూపులు, అన్నీ సవిత కిటికీకే వచ్చి చేరాయి.

మూడో రోజు మధ్యాహ్నం లక్ష్మీరాజం నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. బొమ్మల్ని కాలువలో వేస్తామన్నారు. సవిత అడ్డం నిలబడితే పక్కకు నెట్టారు. కానీ చేత్తో ముట్టడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఒకడు వేపమండతో నెడుతుంటే ఇంకొకడు చాట పట్టుకున్నాడు. నక్క తలవాడు చాటలోంచి దొర్లి కాలి మీద పడితే లక్ష్మీరాజం కుంటుకుంటూ గంతేశాడు. సవిత ఏడవలేదు, శపించలేదు. ఫోన్ తీసి ఒక్కొక్కరి మొఖానికీ ఫొటో తీసింది.

“తియ్యి, తియ్యి. ఎవనికి జూపిస్తవ్?” అన్నాడు లక్ష్మీరాజం.

“ఎవలకు జూపియ్య. నా కాడనే పెట్టుకుంట,” అంది సవిత.

పోలీసుల దగ్గరికి పోతే పనికొస్తాయని తీసిన ఫొటోలవి. గల్లీకి వేరేలా అర్థమైంది. ఆ మొఖాలు చూసి ఇక బొమ్మలు చేస్తుందనుకున్నారు. మర్నాటి నుంచి లక్ష్మీరాజం ఆ ఇంటి ముందు నుంచి రావాల్సి వస్తే మొఖానికి తువ్వాల చుట్టుకుని వచ్చేవాడు. వాళ్లే పోయి బాలనర్సయ్యను పట్టుకున్నారు. బాలనర్సయ్య చెడ్డవాడు కాదు, పిరికివాడు. వచ్చే ఆదివారం లోపల గది ఖాళీ చెయ్యమని సవితకు చెప్పాడు. సవిత అప్పటికే ఊళ్లో రెండు ఇళ్లు అడిగి చూసింది. మాట ఆమె కంటే ముందే ఆ గుమ్మాలకు పోయి కూర్చుంది.

ఈలోగా సుమిత్రమ్మ నిజామాబాద్ పోయి డాక్టర్‌కు చూపించుకుంది. ఆయన మణికట్టు మీద వేలితో కొట్టి చూశాడు. బీడీలు ఎన్నేళ్ల నుంచి చుడుతున్నావని అడిగాడు. చెప్పింది. ఆయన మళ్లీ అడిగి, మణికట్టు లోపల నరం నలిగిందని, బీడీలు చుట్టేవాళ్లలో చాలామందిని ఇలా చూశానని, కొన్నాళ్లు చాట ముట్టుకోవద్దని పట్టీ వేసి కాగితం రాసిచ్చాడు. సుమిత్రమ్మ తిరుగు బస్సులో ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. ఇంటికి వచ్చి బియ్యం డబ్బా కింద పెట్టింది. నిజం తెలిసినా తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. విప్పితే మొదట అన్నదెవరని అడుగుతారు. పైగా, సవిత రంగుల సంగతి తనకు చెప్పకుండా దాచిందన్న మంట కడుపులో ఇంకా చల్లారలేదు.

శనివారం పొద్దున చూస్తే సవిత సామాను సర్దడం లేదు. కిటికీలో చెరుకు ముక్కలన్నీ తీసేసి, కంపెనీ కొత్త డబ్బాలో వచ్చిన జానెడు బొమ్మ ఒకటి పెట్టింది. మొసలి మూతి, సింహం ముందుకాళ్లు, వెనకభాగం నీటి ఏనుగు. నోరు తెరిచి ఉంది. ఆ నోరు సరిగ్గా సుమిత్రమ్మ గుమ్మం వైపు ఉంది. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పైగల్లీ నుంచి చుట్టు తిరిగి పోయారు. సుమిత్రమ్మ గుమ్మంలో కూర్చుంటే అది చూస్తుంది, లోపలికి పోతే తలుపు సందులోంచి చూస్తుంది. అదేమిటో తెలియకపోతే ప్రాణం నిలవని మనిషి, హర్షిణిని నల్లా దగ్గర ఆపింది.

“గదేంది పిల్లా, గా కిటికీల?”

హర్షిణి బిందె దించలేదు. ఇసుక రాజ్యంలో చచ్చినవాళ్ల గుండెకాయ తీసి కాటా మీద పెడతారని చెప్పింది. అవతలి పక్క ఒక ఈక పెడతారట. గుండె ఈక కంటే బరువు తూగితే ఆ మృగం అక్కడికక్కడే తినేస్తుందట.

“ఏం జేస్తే బరువైతది?”

“అబద్ధమాడితే,” అని హర్షిణి బిందె ఎత్తుకుని పోయింది.

చెరుకు కాటా ఎంత మోసం చేస్తుందో బోధన్ మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఈక అవతలి పక్క పెట్టిన కాటాను మోసం చేసేదెలాగో సుమిత్రమ్మకు తోచలేదు. అన్నం తిని, కాగితం బియ్యం డబ్బా కింది నుంచి తీసి, బాలనర్సయ్య దగ్గరికి పోయింది. అక్కడ లక్ష్మీరాజం కూడా కూర్చుని ఉన్నాడు. డాక్టర్ రాసిన కాగితం చూపించి, ఇది నరం సంగతి, మంత్రం కాదు, గల్లీ వాళ్లు ఊరికే ఆ పిల్ల మీద పడ్డారని చెప్పింది. ‘గల్లీ వాళ్లు’ అంది. ‘నేను’ అని మాత్రం అనలేదు. లక్ష్మీరాజం ఆమె వైపు చూసి, పెండ్లాం చెప్పింది గుర్తొచ్చి నోరు తెరవబోయాడు గాని, సుమిత్రమ్మ చూసిన చూపుకు మూసుకున్నాడు. బాలనర్సయ్య కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. సరే, ఉండనియ్యి అన్నాడు.

ఆదివారం పొద్దున సుమిత్రమ్మ మంచి చీర కట్టుకుని ఎదురింటికి పోయింది. సవిత బీడీలు మానేశాక కిటికీలోంచి తప్ప గుమ్మంలోంచి ఆ గది చూడటం అదే మొదటిసారి. ఇల్లు నిలబెట్టిన మనిషికి కనీసం చాయ్ అన్నా వస్తుందని ఆమె అనుకుంది. సవిత తల ఎత్తలేదు. కాలువలో పోయినవాటికి బదులు వచ్చిన పీనుగులకు మళ్లీ దారం చుడుతోంది. అదే పసుపు దారం, ఉండ చివరికి వచ్చింది. కూర్చోమనలేదు. హర్షిణి లేచి లోపలికి పోయింది. సుమిత్రమ్మ నిలబడే, బాలనర్సయ్యతో తాను మాట్లాడిన సంగతి మొత్తం చెప్పింది. సవిత ఒక ముడి వేసి, కొస పంటితో తెంపింది. ఇంకో పీనుగు అందుకుంది.

పట్టీ కట్టిన చెయ్యి పట్టుకుని సుమిత్రమ్మ ఇక ఆగలేక అడిగేసింది.

“సవితా, జర నిజం జెప్పు. గా పీనుగులకు నా దారమే ఎందుకు జుట్టినవ్? నా మీద ఏమన్న మనసుల పెట్టుకున్నవా?”

సవిత అప్పుడు తల ఎత్తింది.

“అప్పుడేం లేకుండె అవ్వా. నీ దారం పాత గుడ్డ రంగుల ఉన్నది, గుంజితే తెగది, గందుకే జుట్టిన. గిప్పుడున్నది. నిన్న బాలనర్సన్న కాడ గల్లీ తప్పన్నవంట, నాది తప్పని అనలేదంట. ఇల్లయితే ఖాళీ జెయ్య. కిటికీ గూడ ముయ్య. నువ్వు రోజూ నల్లా కాడికి గిట్లనే పోవాలె, కిటికీల గా మృగం మొఖం జూస్కుంట పోవాలె.”