స్విచ్చును నమ్మని మామ

మా కరెంటు మామ పోయాడని మొన్న పొద్దున తంగళ్ళపల్లి నుంచి ఫోన్ వచ్చింది. డెబ్బై దాటాయి. చాయ్ తాగి మంచంలో వాలి, అట్లాగే కన్నుమూశాడట. కరెంటుతో ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి ఇంత మెత్తని చావు దొరికిందంటే, నాకు ఏడుపుకన్నా ముందు సంతోషమే కలిగింది.

సిరిసిల్లలో నాకు పన్నెండు సాంచెలున్నాయి. మరమగ్గాలను మేం అట్లాగే అంటాం. వాటి మోటార్లన్నీ బాగుచేసింది ఆయనే. మోటారు ముట్టే ముందు మెయిన్ ఆపి, మూడు ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. టెస్టర్ వెలుగుతుందో లేదో పక్కింటి బోర్డులో చూసుకుని వచ్చి, అప్పుడు మా తీగలకు ఆనించేవాడు.

"టెస్టర్ గూడ అబద్ధమాడుతది అల్లుడా. ఖరాబైనదైతే ఎప్పుడడిగినా కరెంటు లేదనే చెప్తది" అనేవాడు.

నాకేమో ముక్కుమీద కోపం. ఒకసారి పని సగంలో ఆపి, కోరుట్లలో చుట్టాలింటికి దావత్‌కు వెళ్ళాడు. ఫ్యూజులు జేబులోనే! సాంచెలన్నీ ఆగిపోయాయి. ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను.

"కడుపునిండ తిని అస్త. ఆగిన సాంచెలు మల్ల నడువయా ఏంది?" అని, పక్కన ఎవరినో ఇంకో ముక్క వెయ్యమన్నాడు.

అసలు సంగతి చెప్పకపోతే నాకే పాపం. ఒక మధ్యాహ్నం చీరల ఆర్డర్ తొందర. మోటారు బాగుచేయడానికి వచ్చిన మామ కనబడలేదు. పని ముగించి, మెయిన్ ఎక్కించడం మరిచి, చాయ్ దగ్గర ముచ్చట్లలో పడ్డాడనుకున్నాను. కోపంలో ఫ్యూజులు లేని సంగతి కూడా చూడకుండా మెయిన్ ఎక్కించాను. ఒక్క సాంచె కదల్లేదు. ఆఖరి సాంచె వెనక నుంచి మామ తల పైకి లేచింది. రెండు చేతులూ మోటారు తీగల్లోనే ఉన్నాయి.

గబగబా మెయిన్ దించేశాను.

"ఏందల్లుడా, నన్ను సాగనంపుదామనుకున్నవా? ఇంట్ల బిడ్డ పెండ్లికున్నది, జర ఆగు!" అని పకపకా నవ్వాడు. నేను బోరున ఏడ్చేశాను.

"ఏడువకు. నువ్వు మంచోనివే, నీ కోపమే మంచిది గాదు. గందుకే నేను స్విచ్చును నమ్మ, జేబునే నమ్ముత" అని నా భుజం తట్టాడు. ఆ తరువాత ఆయన ఎంత ఆలస్యం చేసినా నేను నోరెత్తలేదు.

ఆ ఎండాకాలమే బిడ్డను జగిత్యాలకిచ్చాడు. బరాత్ ఊరేగింపులో డప్పులు మొదలవగానే నన్ను మధ్యలోకి లాగాడు. నాకు అడుగు పడలేదు, ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. నేను చంపబోయిన మనిషి నడుముకు తువ్వాల బిగించి, పెళ్ళికూతురు "ఇగ సాలు బాపూ!" అని నవ్వుతుంటే, చెమటలు కక్కుతూ ఇంకా ఎగురుతున్నాడు.